నింపుకునే బండ

మా ఆయన మెన్నో మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఏ వస్తువునూ ఊరికే కొనడు. టీ వడపోసే జల్లెడ కొనాలన్నా మూడు దుకాణాలు తిరుగుతాడు, గళ్ళ కాగితం మీద పట్టిక గీసి మార్కులు వేస్తాడు, చివరికి మొదటి దుకాణంలో మొదట చూసినదే తెస్తాడు. నన్ను కూడా ఇలాగే ఎంచుకున్నావా అని ఒకసారి అడిగాను. "అబ్బే, నువ్వు పక్క వీధిలోనే ఉండేదానివిగా, పట్టిక దేనికి?" అన్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన అంత నిజాయితీగా మాట్లాడిన సందర్భాలు తక్కువ.

మా బండికి గ్యాస్ బండలు ఎంచవలసి వచ్చినప్పుడూ పట్టిక గీశాడు. బండి అంటే మోటార్‌హోమ్. మెన్నో సముద్రపు గట్ల ఆఫీసులో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరైన ఏడు కొన్నాం. పొయ్యి, వేడినీళ్ళు, ఫ్రిజ్, చలికాలంలో లోపలి వెచ్చదనం, ఇవన్నీ పక్క అరలో నిలబడే రెండు బండల దయ. ఆ బండల్లో రెండు రకాలు. ఒకటి మార్చుకునే బండ. బూడిదరంగు ఇనప బండ, ఖాళీ అయితే దుకాణంలో ఇచ్చేసి నిండుది తెచ్చుకోవడమే. దానికి మా జర్మనీలో 'సొంత బండ' అని పేరు. ఇచ్చేసింది మళ్ళీ కంటపడదు, ఎవరు వాడి వదిలేసిందో మన చేతికొస్తుంది, అయినా పేరు మాత్రం సొంతం! నలభై ఏళ్ళుగా నాకు సొంతమని అందరూ చెబుతున్న ఇంట్లో ఉంటున్నాను కనుక ఆ పేరు నాకు వింతగా అనిపించలేదు. రెండోది నింపుకునే బండ. అది బండిలోనే బిగించి ఉంటుంది. కార్లకు గ్యాస్ పోసే పంపు దగ్గర ఆగి గొట్టం తగిలిస్తే నిండుతుంది. ఒక్కో దేశం పంపుకు ఒక్కో రకం మూతి, కాబట్టి నాలుగు ఇత్తడి మూతులు సంచిలో వేసుకుంటే యూరప్‌లో ఎటు పోయినా నింపుకోవచ్చు. సొంత బండకు సరిహద్దు దాటాక విలువ లేదు. ఫ్రాన్సులో చూపిస్తే భుజాలు ఎగరేస్తారు, స్పెయిన్‌లో నవ్వుతారు. అది ఖాళీ అయ్యేలోగా ఇల్లు చేరాలి.

"మార్చుకునేదానికి నలభై ఒకటి, నింపుకునేదానికి ముప్పై మూడు," అని మెన్నో పట్టిక నా ముందు పెట్టాడు.

"వేటికి వేశావు మార్కులు?"

"సులువు, నమ్మకం, అలవాటు."

"అలవాటుకు కూడా మార్కులా?"

"అన్నిటికంటే ఎక్కువ దానికే. చూడు ఇమ్కే, రెండు బండలు చలికాలంలో ఐదు వారాలొస్తాయి. అంతకంటే ఎక్కువ రోజులు బయట మనకేం పని? నువ్వు టీ కాస్త తగ్గించావనుకో, ఆరొస్తాయి."

గ్యాస్ ఎప్పుడూ నా వంట మధ్యలోనే అయిపోయేది. ఆయన స్నానం మధ్యలో ఒక్కసారీ అయిపోలేదు. "ఏం వండావేంటే, అప్పుడే అయిపోయింది?" అనేవాడు మెన్నో, వండినదేదో నేనొక్కదాన్నే తిన్నట్టు. విశ్రాంతి కోసమని కొన్న బండిలో నాకు దొరికింది ఇంకా చిన్న వంటగది. నాలుగు పొయ్యిల మీద చేసే పని రెండు పొయ్యిల మీద, తల పై అరకు తగలకుండా వంగి చేసేదాన్ని. బయట ఆయన మడత కుర్చీ వేసుకుని పక్క బండివాళ్ళతో, "మా ఆవిడకి ప్రయాణాలంటే పిచ్చండీ," అంటుండేవాడు.

పిచ్చి ఉన్నమాట నిజమే. ఓల్డెన్‌బుర్గ్‌లో రెండేళ్ళు కాలేజీలో పోర్చుగీసు చదివాను. మూడో ఏడు పోర్చుగల్ వెళ్ళి చదవాలి. మూడో ఏటికి మా పెద్దది కడుపులో పడింది. అంతే, కథలో విషాదం ఏమీ లేదు, ఎవరూ నన్ను కట్టేయలేదు, "తర్వాత వెళ్దువుగాని," అన్నారు, అందరూ ప్రేమగానే అన్నారు. ఆ రెండేళ్ళలో ఒక పాఠంలో చదివాను, ఆ దేశపు దక్షిణపు కొసన జనవరి చివర్లో బాదం చెట్లు పూస్తాయని, ఆకు ఒక్కటీ రాకముందే కొమ్మ కొమ్మంతా తెల్లబడిపోతుందని. మా ఊళ్ళో జనవరి అంటే గట్టు మీద పొగమంచు, పొగమంచులో గొర్రెలు, గొర్రెలు కనబడకుండా వాటి దగ్గు. ఆ దగ్గు వింటూ గిన్నెలు తోముతూ నేను ఎన్ని జనవరులు ఆ తెల్లదనంలో నిలబడి వచ్చానో! పువ్వులు చూడాలన్నంత మాత్రమే కాదు. ఒక ఉదయం లేచి, టీ కాచుకుని, తలుపు తీసి, ఈ రోజు ఏ వారమో గుర్తు లేకుండా మెట్టు మీద కూర్చోవాలి. రేపు ఇక్కడే ఉంటానో ఇంకో నాలుగు రోజులు ఉంటానో ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా ఉండాలి. చిన్న కోరికే అనిపిస్తుంది కదా. మా ఇంట్లో ఏ పట్టికలోనూ దానికి గడి లేదు.

గత చలికాలం దాదాపు చేరాను. ఫ్రాన్సులో మంచు కురిసి మొదటి బండ రెండు వారాలకే అయిపోయింది. స్పెయిన్ దాటుతూ పోర్చుగల్ సరిహద్దుకు అరవై కిలోమీటర్ల దూరంలో ఒక నది పక్కన ఆగాం. పొద్దున్నే మెన్నో అర తలుపు తీసి, ఉంగరం వేలితో రెండో బండను పైనుంచి కిందికి తట్టి, గర్భిణి కడుపు దగ్గర మంత్రసానిలా చెవి ఆనించి విన్నాడు.

"సగం," అన్నాడు. "బండి వెనక్కి తిప్పాలి."

"ఇక్కడి బండ ఒకటి తీసుకుందాం."

"పరాయి బండ మన బండిలోనా? మూతి కలవద్దూ!"

"పూలు ఇంకొక్క రోజు ప్రయాణం, మెన్నో."

"చెట్లెక్కడికీ పోవులే. వచ్చే ఏడు చూద్దువుగాని."

బండి వెనక్కి తిరిగింది. నా వైపు అద్దంలో దక్షిణం చాలాసేపు కనబడింది. ఏడవలేదు. మధ్యాహ్నానికి బంగాళాదుంపలు ఉడికించాలి, గ్యాస్ పొదుపుగా వాడాలి. నా ఏకాగ్రత అంతా అటే పెట్టాను.

ఇంటికి వచ్చిన మర్నాడు ఆరున్నరకు మళ్ళీ అత్తయ్య కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అత్తయ్య ఫ్రౌకేకు ఎనభై ఆరేళ్ళు, మా ఇంటి వెనక భాగంలో ఉంటుంది. కాళ్ళ వాపుకు బిగుతు మేజోళ్ళు వేసుకోవాలి. అవి మామూలు మేజోళ్ళు కావు. రబ్బరు తొడుగులు చేతులకు వేసుకుని, మడమ దగ్గర తిప్పి, పిక్క మీదుగా అంగుళం అంగుళం లాగాలి. పదకొండేళ్ళుగా పొద్దున వేయడం, సాయంత్రం తీయడం. నర్సును పంపుతామని వైద్యుడు అన్నాడు. "పరాయి చేతులు నాకొద్దు," అంది అత్తయ్య. మెన్నో చేతులు పరాయివి కావు గానీ, అవి ఆ గుమ్మం దాటి రాలేదు. మేం ప్రయాణం వెళ్ళిన ఐదు వారాలూ మా చిన్నది సెలవు పెట్టుకుని వచ్చి చేసేది. పాపం, అది కూడా ఆడపిల్లే కదా.

ఈ అక్టోబరులో ఖాళీ బండలు మార్చి తెచ్చుకునే వేళ వచ్చింది. నేను నింపుకునే బండ మాట ఎత్తగానే మెన్నో, "అది తేలిపోయిన విషయం," అన్నాడు. నేను వాదించలేదు. ఆ శనివారం ఆయన బోసెల్ పోటీకి వెళ్ళాడు. రోడ్డు మీద బంతి విసురుతూ, విసిరిన చోటికి నడుస్తూ, మధ్యలో చలికి మందు పుచ్చుకుంటూ రోజంతా సాగే మా ప్రాంతపు ఆట అది. చలికాలమంతా ఉంటుంది. ఆయన మలుపు తిరిగాక నేను బండి తాళం తీశాను.

"ఏడు మీటర్ల బండి, నీ వల్ల కాదు," అని నాలుగేళ్ళుగా విన్నాను. మొదటి రెండు కిలోమీటర్లు నిజంగానే నా వల్ల కాలేదు. చేతులు చెమట పట్టాయి, ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఊపిరి బిగబట్టాను. మూడో కిలోమీటరు నుంచి తెలిసింది, పెద్ద బండి తోలడమంటే పెద్ద కుటుంబాన్ని తోలినట్టే, వెనక ఏముందో మరిచిపోకుండా ముందుకు చూడాలి, అంతే. ఎమ్‌డెన్‌లో వర్క్‌షాపు నడిపే ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మొయిన్," అని మా వైపు పద్ధతిలో పలకరించింది. "మీవారు రాలేదా?"

"బంతి విసరడానికి వెళ్ళారు."

"బతికించారు. మొగుళ్ళు పక్కనుంటే గంట పని మూడు గంటలవుతుందండీ."

మా అమ్మ పోతూ నా పేర వదిలిన డబ్బులోంచి ఇచ్చాను, ఆవిడ బండ బిగించింది. తేలికైన అల్యూమినియం బండ. తనిఖీ చీటీ రాసిచ్చింది, నాలుగు ఇత్తడి మూతులు చేతిలో పెట్టింది. తిరిగొస్తూ పంపు దగ్గర నేనే గొట్టం తగిలించి నింపాను. నూటికి ఎనభై పాళ్ళు నిండగానే దానంతట అదే ఆగిపోయింది. తనకెంత చాలో తనకే తెలిసిన మనిషిని గానీ వస్తువును గానీ నేను చూడటం అదే మొదలు.

మర్నాడు ఆదివారం, మూడు గంటల టీ అత్తయ్య గదిలో. ఎప్పటిలాగే నేనే కాచాను. చిన్న కప్పులో కలకండ ముక్క, దాని మీద వేడి టీ, అంచున మీగడ చుక్క. కలపకూడదు. ఈ ఉత్తర సముద్ర తీరపు మనుషులం, మా ఫ్రీసియన్లకు మూడు కప్పులు జన్మహక్కు. కప్పులో చెంచా పెట్టేదాకా వడ్డించేవాళ్ళు పోస్తూనే ఉండాలి. చెంచా పెట్టడమంటే ఇక చాలని. మూడో కప్పు తాగకుండా ఎవరూ చెంచా పెట్టరు, పెడితే ఇంటివాళ్ళ మొహం మీద తలుపేసినట్టే. నలభై ఏళ్ళుగా పోసేదాన్ని నేనే కాబట్టి నా మూడో కప్పు అందరూ లేచాక, చల్లారిపోయి, వంటగదిలో దొరికేది.

మెన్నో ఆలస్యంగా వచ్చాడు. బూడిదరంగు బండలు అరలో పెట్టబోయినట్టున్నాడు, చేతులకు ఇనుము వాసన.

"బండిలో ఎవరో పరాయి బండ కట్టిపోయారు!"

"దొంగలా?" అంది అత్తయ్య.

"దొంగలైతే తీసుకుపోతారు గానీ కట్టిపోతారా అమ్మా!"

"నేనే కట్టించాను," అన్నాను, ఆయన కప్పులో టీ పోస్తూ.

"నువ్వా? మరి బండి ఎవరు తోలారు?"

"దానంతటదే వెళ్ళొచ్చిందనుకో, నీకు అలా అయితేనే నమ్మకం కుదురుతుందంటే."

"ఎవర్నడిగి చేశావే ఈ పని?"

నేను నా మొదటి కప్పు తాగడం పూర్తి చేశాను. చెంచా తీసి కప్పులో పెట్టాను. చిన్న శబ్దమే. అత్తయ్య చూపు దాని మీద ఆగిపోయింది. మెన్నో కూడా చూశాడు.

"ఇమ్కే," అంది అత్తయ్య, "ఒక్క కప్పుకేనా?"

"ఇవాళ్టికి చాలు అత్తయ్యా. జనవరి ఎనిమిదిన బయల్దేరుతున్నాను. మెన్నో వస్తే సంతోషం. బోసెల్ ఉందంటే ఉండిపోవచ్చు. ఎప్పుడొస్తానో తేదీ అనుకోలేదు."

"తేదీ లేకుండా ఎలా?" అన్నాడు మెన్నో. "అమ్మకి మేజోళ్ళెవరు వేస్తారు?"

ఒక్కదానివే ఎలా వెళ్తావని అడుగుతాడేమో అనుకున్నాను. నాతో వస్తానంటాడేమో అని కూడా, సిగ్గు విడిచి చెప్పాలంటే, ఒక క్షణం అనుకున్నాను.

"నువ్వే. రేపు ఆరున్నరకు మొదలు. పక్కన నిలబడి నేర్పిస్తాను. రబ్బరు తొడుగులు నీ చేతికి పట్టేవి తెచ్చాను, పెద్ద సైజువి."

ఆయన తల్లి వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పమ్మా! మార్చుకునే బండే తీసుకోమని నువ్వేగా..."

అక్కడ ఆగాడు. ఆగడం ఆలస్యమైంది.

"నువ్వేగా అంటే?" అన్నాను.

మెన్నో మీగడ గిన్నెలోకి చూస్తున్నాడు, ఆఫీసులో పాత దస్త్రం చూసినట్టు.

"వాణ్ణేం అనకు," అంది అత్తయ్య చివరికి. "నేనే చెప్పా. ఖాళీ అయితే ఇల్లు చేరక తప్పని బండ కొనరా అని. పట్టిక ఆ తర్వాత గీశాడు."

"ఎందుకత్తయ్యా?"

"మీ మామగారు చేపల పడవల్లో పోయేవాడు. ఏడాదికి ఎనిమిది నెల్లు సముద్రం మీదే. తిరిగొస్తాడా అని నేనెప్పుడూ బెంగపడలే. వండి పెట్టే మనిషి ఇక్కడుంది, ఎక్కడికి పోతాడు? వీడూ అంతే, ఎక్కడికెళ్ళినా వచ్చి పడతాడు." ఆవిడ నా వైపు చూడలేదు. "నీ సంగతే నాకు తెలీలేదు. పొద్దున్నే నా కాళ్ళ దగ్గర కూచుని ఏదో భాషలో గొణుక్కుంటావే, నాకు వినపడదనుకున్నావా? అలా గొణిగినప్పుడు నువ్విక్కడ ఉండవు. అంత దూరం పోయి అక్కడి మాటలు నిజంగా విన్నాక, ఇది మళ్ళీ ఈ కాళ్ళ దగ్గరికి ఎందుకొస్తుంది అనిపించేది."

నేను గొణుగుతానని నాకే తెలియదు.

అత్తయ్య కెటిల్ తన వైపు లాక్కుంది. సాయానికి లేవబోయి ఆగాను. మెన్నో కప్పులో పోసింది, తన కప్పులో పోసుకుంది, కాస్త గుడ్డ మీద ఒలికింది. నా కప్పులో చెంచా అలాగే ఉంది, దాని జోలికి రాలేదు.

"వస్తావా అని నిన్నే అడగాల్సింది," అంది. "అడగలేదు. తప్పు నాదేనమ్మాయ్."