అన్నకిచ్చిన గొంతు

అబిడ్స్‌లో తను పనిచేసే చీరల దుకాణానికి రాగానే విజయ చేసే మొదటి పని, నిన్నటి బేరాలకు చిందరవందరైన చీరలన్నీ మడతపెట్టడం. ఆలోపు యజమాని అగరుబత్తి వెలిగించి టీవీ పెడతాడు. టీవీలో లీడరు వరప్రసాదన్న మాట్లాడుతుంటాడు, ఆమె మొగుడి గొంతుతో. గిరాకీ లేకపోతే విజయ చీర అంచు పట్టుకుని కాసేపు అలాగే వింటుంది.

ఆ గొంతు వినే ఆమె కరుణాకర్‌ని చేసుకుంది. అతను పిలిస్తే నాంపల్లి స్టేషన్లో అవతలి ప్లాట్‌ఫారం మీది కూలీలు కూడా తిరిగి చూసేవాళ్లు. అంత గొంతూ తీసుకెళ్లి అన్నకే పెట్టాడు. ఏనాడూ పదవి అడగలేదు, సభలో పంచే బిర్యానీ పొట్లం ముట్టలేదు. రైలు పట్టాల పక్క గుడిసెలో పుట్టినవాడు. అక్కడివాళ్లకు పక్కా ఇళ్లంటూ వస్తే అవి అన్న వల్లే వస్తాయని నమ్మాడు. అన్నదేమో పాపం పీలగొంతు. మైకు పెట్టినా ముందు వరస దాటేది కాదు. అతని పక్కన నిలబడి కరుణాకర్ జిందాబాద్‌లు కొట్టీ కొట్టీ ఇంటికొచ్చేవాడు. మొదట గొంతు బొంగురుపోయింది, తర్వాత గుసగుస మిగిలింది, ఒక ఎండాకాలం అదీ పోయింది. ఆ వారమే అన్న మైకు ముందు నోరు విప్పితే గ్రౌండంతా దద్దరిల్లింది.

దీన్నెవరూ వింత అనుకోలేదు. ప్రాణం ఎక్కడుంటే గొంతూ అక్కడికే పోతుంది, పోకేం చేస్తుంది? మన కరుణాకర్ గొంతు టీవీలో వస్తోందని బస్తీవాళ్లు గొప్పగా చెప్పుకున్నారు. అత్త పోశవ్వ అయితే టీవీ ముందు కూర్చుని కొడుకు గొంతుకు దిష్టి తీసేది. అన్న మాట్లాడినంతసేపూ కరుణాకర్ పెదవులు కూడా కదిలేవి, ఒక్క అక్షరం తప్పకుండా. అది చూడలేక విజయ మొహం తిప్పుకునేది.

మొన్న ఎన్నికలు దగ్గరపడ్డాక, అన్న సభకు అబిడ్స్ మీదుగా వస్తున్న ఊరేగింపులోంచి ఎవరో బస్సు మీద రాళ్లేశారు. కండక్టర్ తల పగిలింది. కేసులో కరుణాకర్ పేరూ పడింది. నిజానికి ఆ వేళకు అతను ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో, స్టేజీ మీద అన్న పక్కనే ఉన్నాడు. ఆ మాట అన్న ఒక్కడు చెబితే చాలు, చెప్పకపోతే జైలే. లాయరు అన్ననే సాక్షిగా పిలిపించాడు. విజయకు నిద్ర కరువైంది గానీ కరుణాకర్ నిబ్బరంగా ఉన్నాడు. ఫోన్లో టైపు చేసి ఆమెకు చూపించాడు: "ఫికర్ చేయకు. మాట్లాడేది నా గొంతే గద."

నాంపల్లి కోర్టులో అన్న తెల్లచొక్కా నలగకుండా బోనెక్కాడు. ఈ కరుణాకర్ మీకు తెలుసా అని లాయరు అడిగాడు. రాళ్ల కేసులో ఉన్నవాడు తన మనిషేనంటే సీటుకే ఎసరొస్తుందని అన్నకు ఎవరు నూరిపోశారో మరి.

"నాకు తెల్వదు సార్," అన్నాడు కరుణాకర్ గొంతుతో. "సభలకు వేలమంది వస్తరు. గీయన నా పక్కకు ఎన్నడు లేడు."

అవతల నిలబడ్డ కరుణాకర్ పెదవులూ ఆ మాటలే పలికాయి. తనెవరో తనకే తెలియదని మొగుడే ఒప్పుకుంటున్నట్టు ఉంటే విజయకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. కోర్టని కూడా చూడకుండా లేచి నిలబడింది. కళ్లు మూసుకుని, వంటింట్లోంచి మొగుణ్ణి అడిగినట్టే అడిగింది.

"ఏమయ్యా, గా దినం నువ్వు యాడున్నవ్?"

"స్టేజీ మీదనే ఉన్న విజయా," అంది అన్న నోట్లోంచి ఆ గొంతు. "అన్న పక్కకే ఉన్న. నీళ్లు అందిచ్చింది గూడ నేనే."

అన్న రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఇది ఎవరి సాక్ష్యం కిందికి వస్తుందని అవతలి లాయరు లేచాడు. సాక్షి నోట వచ్చిన మాట సాక్షిదేనని చెప్పి, మేజిస్ట్రేటు దాన్ని టైపు చేయించాడు. మధ్యాహ్నానికల్లా కరుణాకర్ మీద కేసు కొట్టేశారు.

వరండాలోకి రాగానే కరుణాకర్ దగ్గాడు. దగ్గుకు చప్పుడొచ్చింది. గొంతు తిరిగొచ్చిందని తెలిసి విజయ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇన్నేళ్లకు మొగుడు తనతో ఏం మాట్లాడతాడోనని అతని నోటివైపే చూసింది.

"అన్న పరువు తీసినవ్ గదనే," అన్నాడు కరుణాకర్.

చెయ్యి విదిలించుకుని గేటు వైపు పరుగెత్తాడు. అక్కడ అన్న కారులో అద్దాలు ఎత్తుకుని, గొంతు పట్టుకుని కూర్చున్నాడు. డ్రైవర్‌తో ఏదో చెప్పబోతున్నాడు గానీ మాట రావడం లేదు. కరుణాకర్ కారు పక్కన నిలబడి పిడికిలెత్తాడు.

"వరప్రసాదన్న జిందాబాద్."

కోర్టు గోడల మీది పావురాలన్నీ లేచాయి. రెండోసారి కొన్నే లేచాయి. తర్వాత ఒక్కటీ కదల్లేదు. విజయ అతన్ని ఆపడానికి పోలేదు. అతని నోట ఆ గొంతు వినడం కోసమే ఇన్నేళ్లు మొహం వాచి ఉంది, మళ్లీ ఎప్పుడు వింటుందో ఏమో. అందుకే అక్కడే నిలబడి, వినిపించినంతవరకు విన్నది. చివరి జిందాబాద్‌కు అతని నోరు తెరుచుకుంది, అంతే.

కారు అద్దం కాస్త కిందికి దిగింది.

"పోనీయ్ కిషన్," అని డ్రైవర్‌తో లోపల్నుంచి కరుణాకర్ గొంతు అంది.

వెళ్లిపోతున్న కారుకు కరుణాకర్ దండం పెడుతూ నిలబడ్డాడు.