అరువిచ్చిన చెయ్యి

ఆ కుట్టుగదికి ఉన్నది ఒకటే కిటికీ. దాని పక్క కుర్చీ ఎవరికన్నది వారానికోసారి చేతులెత్తి తేల్చుకునేవారు. కాజాలత్తకి ఆ పద్ధతంటే ప్రాణం. చొక్కాలకి కాజాలు కుట్టీ కుట్టీ ఆమె చూపు మందగించింది. ట్యూబులైటు కింద సూదిలోకి దారం ఎక్కదు. ఆ సంగతి తెలుసు కాబట్టి అందరూ తరచుగా ఆమెకే చేతులెత్తేవారు.

మొదట చెయ్యి అప్పగించింది ఇస్త్రీ వదిన. పెట్టె వదిలితే చొక్కా మాడిపోతుంది మరి.

"మాస్టారూ, నా చెయ్యి కూడా మీరే ఎత్తెయ్యండి, పుణ్యముంటుంది!"

కటింగ్ మాస్టారు మహా సరదా మనిషి. కత్తెరతో ఒక చెయ్యి, టేపుతో ఇంకో చెయ్యి ఎత్తి, "ఇది నాది, ఇది వదినది!" అంటూ గిరగిరా తిరిగాడు. మిషన్ల మీదున్న అన్నదమ్ములిద్దరూ పడీ పడీ నవ్వారు.

"మావి కూడా పట్టండి మాస్టారూ!"

"నాకున్నవి రెండేరా!"

"కాళ్లెత్తండి!" అన్నాడు చిన్నోడు.

మాస్టారు బల్ల మీద వెల్లకిలా పడుకుని కాళ్లు కూడా ఎత్తాడు.

"మరి నాదో అల్లుడూ?" అంది కాజాలత్త, కళ్లనీళ్లు తుడుచుకుంటూ.

"నీకోసం తలెత్తుతానత్తా!"

అలా ఆమె కూడా తన చెయ్యి ఇచ్చేసింది.

ఇక ఓటు చిటికెలో అయిపోయేది. మాస్టారు పడుకోవడం కూడా మానేసి, వేలెత్తి "ఐదు!" అనేవాడు. దానికీ నవ్వేవారు. మొదట్లో కుర్చీ అత్తకే ఇచ్చాడు. తర్వాత ఓ వారం ఆ వేలు తనవైపే తిప్పుకున్నాడు. చప్పట్లు కొట్టారు. మళ్లీ వారమూ అంతే. అత్త వేళ్లనిండా సూదిపోట్లు.

"అల్లుడూ, నా చెయ్యి నాకిచ్చెయ్."

"ఓటు పెట్టాలి కదత్తా!" వేలు లేచింది. "వద్దని ఐదు! నువ్వు కూడా వద్దన్నావు!"

గది గొల్లుమంది. అత్తకీ నవ్వాగలేదు. నవ్వుతూనే దారం కొస తడి చేసింది. సూది బెజ్జం మళ్లీ తప్పిపోయింది.

మర్నాడు ఇంట్లో దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ ఆగిపోయింది. ఎంత ఒంట్లో బాగోకపోయినా, నా బదులు నువ్వు దణ్ణం పెట్టమని ఎవరినీ అడగలేదే! మరి అక్కడెందుకు ఇచ్చాను? నవ్వొచ్చిందనా? 'నువ్వైనా చెప్పకూడదా స్వామీ?' అంది.

ఆ రోజు గదిలోకి వస్తూనే చెయ్యెత్తి నిలబడింది.

"దించత్తా, అది నా లెక్కలో ఉంది."

"నా భుజానికే ఉంది అల్లుడూ."

అందరూ నవ్వారు. ఆమె దించలేదు. కాసేపటికి రెండో చేత్తో దాన్ని పట్టి నిలిపింది. ఇస్త్రీ వదిన వచ్చి మోచెయ్యి కింద తన చెయ్యి ఆనించింది.

"వదినా, చొక్కా మాడుతోంది!" అని అరిచాడు మాస్టారు.

"మాడనివ్వండి."

మాస్టారు వేలెత్తి "ఐదు!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అటూ ఇటూ చూసి, గబగబా బల్లెక్కి పడుకుని, చేతులూ కాళ్లూ ఎత్తేశాడు.

చిన్నోడు లేచి వెళ్లి అరికాల్లో చక్కిలిగింతలు పెట్టాడు. "ఈ కాలు నాదన్నారుగా మాస్టారూ, నా ఇష్టం!"

పెద్దోడు రెండో కాలు పట్టుకున్నాడు. మాస్టారు కెవ్వుమంటూ, మెలికలు తిరుగుతూ, టేపుతో సహా బల్ల మీంచి జారిపడ్డాడు.

ఆ సందట్లో కాజాలత్త వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్లో ఎండ పడింది. సూదీ దారమూ ఎదురుగానే ఉన్నాయి. ఎత్తిన చెయ్యి దించడానికి మాత్రం ఆమెకి ఇంకా ధైర్యం చాల్లేదు.