వదిలేసిన వరండాలు

టేపు కొసనున్న ఇత్తడి కొక్కేన్ని గోడకు ఆనించి, దర్జీ ఆవిడ వరండాలో మోకాళ్ల మీద కూర్చున్నాడు టేపుతాత. నలభై ఏళ్లుగా గృహ శాఖలో కొలతల గుమాస్తా. టేపు లాగి లాగి వేళ్లు నున్నగా అరిగాయి. నోరు మాత్రం అరగలేదు.

"నా మిషను ఉన్న చోటు నాది కాదట. అంతా నీ చలవే, తాతా!" అంది దర్జీ.

"నా చలవేనమ్మా, కాదన్నానా! ఆ పెట్టె కాస్త జరుపు."

తప్పు ఆయనదే. పాత రాజ్యాంగంలో ఇళ్లన్నీ సర్కారువి. కొలత కాస్త ఎక్కువ కనబడితే చాలు, మరో సంసారాన్ని తెచ్చి అదే ఇంట్లో దించేవారు. జాలిపడి ఈయన వీధివీధంతా వెనక వరండాలు రాయకుండా వదిలేశాడు. జనం చేతులెత్తి దణ్ణం పెట్టారు. ఇప్పుడు కొత్త రాజ్యాంగం వచ్చి, ఎవరున్న ఇల్లు వాళ్లదే పొమ్మంది, కాకపోతే రిజిస్టరులో ఉన్న మేరకే. రాయని వరండాలను సర్కారు వేలం వేస్తుందట. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది.

సవరణలకు గడువు ఈ సాయంత్రం ఐదింటి వరకే. నాలుగు నెలలుగా తిరిగి అరవై రెండు వరండాలు రాశాడు. తిట్లు తిన్నాడు, టీలు తాగాడు, రెంటికీ లోటు రాలేదు. దర్జీ కాగితానికి ఆఫీసులో ముద్ర వేయించాక మిగిలింది ఒక్కటే, ఆయన సొంతది. ఉబ్బసంతో భార్య లోపల పడుకోలేదు. పదేళ్లుగా ఆవిడ మంచం ఆ వరండాలోనే.

"ఊరందరివీ కొలిచి మనది మరిచారా?" గుమ్మంలోనే అందుకుంది ఆవిడ.

"మరవలేదే. సొంతిల్లు సొంత చేత్తో కొలవకూడదు. ఆఫీసరమ్మ వస్తానంది."

"వచ్చేసరికి ఐదు దాటితే?"

ఆయన గడియారం వైపు చూడకుండా ఉండటానికి రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఐదుకు పావుగంట ఉందనగా ఆఫీసరమ్మ రిజిస్టరు చంకన పెట్టుకుని పరుగున వచ్చింది. తాత గోడవారన పీట మీద కూర్చుని కొక్కెం పట్టుకున్నాడు. ఆమె మంచం కింది నుంచి టేపును మెట్టు దాకా లాగింది.

"పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు. సరేనా, తాతగారూ?"

"అంగుళం కూడా వదలకమ్మా. వదిలేసే జబ్బు నాకుంది, నీకొద్దు."

ఆమె నవ్వుతూ రాసి, ముద్ర వేసి, ఆవిడ చేత సంతకం పెట్టించింది. ఐదుకు ఇంకా ఆరు నిమిషాలున్నాయి. తాతకు ప్రాణం హాయిగా ఉంది. గోడకు జారబడి, మంచం మీది ముడతల దుప్పటిని చూస్తూ కళ్లు మూసుకున్నాడు. భార్య టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

"ఇక వదలండి తాతగారూ, టేపు చుట్టేస్తాను."

ఆయన వదలలేదు. ఆఫీసరమ్మ దగ్గరికొచ్చి, చెయ్యి పట్టి చూసి, లోపలున్న ఆవిడను కేకేసింది. ఆవిడ వచ్చి, "ఏమండీ" అంది. మరోసారి అంది. తర్వాత గ్లాసు కింద పెట్టి, ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.

గోడ నుంచి మెట్టు దాకా టేపు పరిచినట్టే ఉంది, ఒక్క అంగుళం తగ్గకుండా.