సోమరి కుర్చీ

మిషిగన్‌లోని జీలాండ్ ఊళ్లో హార్మ్ డైక్‌మా వాల్‌నట్ చెక్క పొరలను వేడి అచ్చుల్లో వంచి, ఆ ఊరి ఫ్యాక్టరీలో తయారయ్యే పేరుమోసిన తోలు వాలుకుర్చీలకు వీపులు చేస్తూ ముసలివాడయ్యాడు. "పగటిపూట వెనక్కి వాలేది సోమరులే" అంటూ ఇంట్లోకి మాత్రం ఒక్కటీ రానివ్వలేదు. గుండె జబ్బు ముదిరి, పడుకుంటే ఊపిరాడని స్థితి వచ్చాక, భార్య యాంట్యే అతన్ని అడక్కుండానే ఒకటి తెప్పించింది.

"నేను పోయేదాకా ఆగలేకపోయావా?" అన్నాడు హార్మ్.

"ఆగితే నువ్వెలా కూర్చుంటావు? మాటలాపి కూర్చో."

కూర్చున్నాడు. కుర్చీ అతనితోపాటే మెల్లగా వెనక్కి ఒరిగింది. చెక్క అంచును వేళ్లతో తడిమాడు. "ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు యాంట్యే" అన్నాడు. ఆయాసం లేకుండా నిద్రపోయాడు.

మర్నాడు ఆదివారం. చర్చి గంటలు మోగుతున్నా, కుర్చీలో గురకపెడుతున్న అతన్ని యాంట్యే లేపలేదు. పెళ్లయ్యాక వాళ్లిద్దరూ ఆదివారం ప్రార్థన మానింది అదే మొదటిసారి.