బోర్డుల వెనక రంగు

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడు దగ్గరే ఆగిపోయే రకం. ఆ పొద్దున క్యారియర్ పట్టుకుని మా అమ్మాయి ఆఫీసు మెట్లెక్కుతున్నప్పుడు కూడా, పిల్ల నిచ్చెన మీంచి పడి ఉంటుందేమో అనుకుంటూనే ఎక్కాను.

పడలేదు. నిక్షేపంగా ఉంది. వడ్రంగి నిచ్చెన దిగుతున్నాడు. మూడు కౌంటర్ల మీదా మూడు కొత్త బోర్డులు మెరిసిపోతున్నాయి.

"ఎలా ఉన్నాయమ్మా?" అంది పిల్ల, కళ్ళు ఇంతింత చేసుకుని.

అమ్మాయి సర్కారు బోర్డులు రాస్తుంది. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. ఆ గడువు ఆ రోజుతో ఆఖరు. పదకొండింటికి తనిఖీ మేడం వచ్చి సంతకం పెడితే ఉద్యోగం నిలుస్తుంది, లేదంటే ఇంటికే. పైగా ఎన్నికల రోజులు. సర్కారు బోర్డుల మీద ఏ పార్టీ వాసనా తగలకూడదని కాయితం వచ్చింది. పిల్లకు ముందున్న పెయింటర్ కుళాయి బోర్డు మీద నాయకుడి నవ్వు మొహం వేసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అందుకే పిల్ల బొమ్మ లేకుండా, గుర్తు లేకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసింది. చదువురాని వాళ్ళు పోల్చుకోడానికి జననాలకు ఎరుపు, ఇళ్ళకు తెలుపు, నీళ్ళకు ఊదా. మా ముందుగది ఇరుకు. అందుకని రోజుకొకటి రాసి, ఆరగానే ఆఫీసుకు పంపేసింది.

నేను గుమ్మంలో నిలబడి మూడూ ఒక్కసారే చూశాను.

"ఏమే, ఇది పెద్దాయన పార్టీ జెండా కదే!"

"ఏది?"

"ఏది ఏమిటే! ఎరుపు, తెలుపు, ఊదా. ఇలా వచ్చి చూడు!"

వచ్చింది. చూసింది. దాని మొహం సున్నం కొట్టినట్టయింది. ఒక్కొక్కటీ ఏ పాపం ఎరగని బోర్డే. పక్కపక్కన చేరేసరికి గోడంత జెండా! గడియారం పదీ పది.

"తెల్లది చివరికి మార్చేద్దాం," అన్నాడు వడ్రంగి.

"అంటే నేను జరగాలా?" నీళ్ళ కౌంటరు గుమాస్తా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఆయన్ని అందరూ ఫ్యానాయన అంటారు. "పంతొమ్మిదేళ్ళుగా ఈ ఫ్యాను కిందే ఉన్నాను. జెండాల కోసం చెమటలు కారలేను."

వడ్రంగి వినలేదు, టకటకా ఎక్కి రెండు బోర్డులూ మార్చేశాడు. దిగి వెనక్కి తిరిగి చూసి నాలిక్కరుచుకున్నాడు. "చచ్చాం. ఇప్పుడిది చిన్నాయన పార్టీది!"

అవును మరి. చిన్నాయన వాళ్ళు పెద్దాయన నుంచి విడిపోయినవాళ్ళే. వేరు కాపురం పెట్టారుగానీ కొత్త రంగులు కొనుక్కోలేదు, ఉన్నవాటినే అటూ ఇటూ సర్దుకున్నారు. ఈ మూడూ పక్కపక్కన చేరితే, ఏ వరసలోనైనా ఎవరో ఒకరి జెండాయే.

"కదపొద్దని నేను చెప్పలా?" అన్నాడు ఫ్యానాయన సంబరంగా.

పిల్ల నేల మీద కూలబడింది. "మళ్ళీ రంగేస్తే సాయంత్రానికిగానీ ఆరదమ్మా. అయిపోయింది."

అయిపోయిందనడం ఇంట్లో నా వంతు. ఆ మాట దాని నోట వినగానే నాకెక్కడలేని కోపమొచ్చింది. "వెనక వైపు ఏముందే?"

"ఏముంటుంది, నువ్వు పూయించిన పూత!"

నిజమే. చెమ్మ తగిలితే? చెక్క ఉబ్బితే? బోర్డు ఊడి ఎవరి నెత్తినైనా పడితే? అని నేను ప్రాణాలు తోడేస్తే, పడలేక వెనక వైపు కూడా బూడిద రంగు పూసింది. ఎప్పుడో ఆరిపోయింది.

పిల్ల చప్పున లేచింది. "అన్నా, మూడూ దించు! తిప్పి రాసేస్తా. రంగు పోతే పోయింది, అంకె పెద్దగా వేస్తా!"

ఇంక చూడాలి ఆ హడావుడి! ఎప్పుడూ చంకన ఉండే నా కుట్టుసంచీలోంచి దారం తీశాను. దానికి సుద్ద రాసి, ఒక కొస నేనూ ఒక కొస వడ్రంగీ పట్టుకుని టప్పున వదిలితే తిన్నగా గీత పడింది. ఆ గీత మీద దాని కుంచె పరుగో పరుగు. ఒకటి, జననాలు. రెండు, ఇళ్ళు. నల్లరంగు నా మోచేతి దాకా పాకింది. నాకు భయం వేస్తోందో నవ్వొస్తోందో తెలియలేదు.

మూడోది పూర్తయ్యేసరికి పదకొండుకు పది నిమిషాలు. అక్షరాలు పచ్చిపచ్చిగా మెరుస్తున్నాయి.

ఫ్యానాయన గొంతు సవరించుకున్నాడు. లేచాడు. తన కుర్చీ తానే పక్కకు లాగాడు. "ఇలా పెట్టండమ్మా. ఈ ఫ్యాను గాలికి నా జుట్టే ఆరిపోయి రాలిపోయింది, మీ రంగెంత!"

బోర్డు మేకుకు తగిలించడం, గుమ్మంలో చెప్పుల చప్పుడు, రెండూ ఒక్కసారే అయ్యాయి.

తనిఖీ మేడం దగ్గరగా చూసింది. గుమ్మం దాకా వెళ్ళి దూరంగా చూసింది.

"అందరూ మెరిసే రంగులు వేస్తారు. నువ్వు బూడిద రంగెందుకు వేశావు?"

పిల్ల నా వైపు చూసింది. "మా అమ్మ భయపడింది మేడం."

"మంచి భయం," అని ఆవిడ నవ్వి కాయితం మీద సంతకం పెట్టింది. "మిగతా ఆఫీసులకూ ఇదే రంగు వెయ్యి."

ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి పిల్ల నన్ను వాటేసుకుని గిరగిరా తిప్పేసింది. నా కళ్ళమ్మట నీళ్ళు. అంతలోనే నాకొకటి తోచింది.

"ఏమే, రేపెవరైనా బూడిద రంగు జెండాతో పార్టీ పెడితే?"

"పిన్నిగారూ," అన్నాడు వడ్రంగి చేతులు జోడించి, "ముందా క్యారియర్ విప్పండి."