గీతంలో మార్చిన మాట

విడాకులయ్యాక వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారి. తాము చదివిన విశ్వవిద్యాలయంలోనే ఆ రోజు కూతురు పట్టా అందుకుంది. తల్లి ముభావంగా ఉంది. అతను కిటికీ వైపు చూస్తున్నాడు.

చివర్లో అందరూ లేచి విశ్వవిద్యాలయ గీతం అందుకున్నారు. "విద్యే మా ఊపిరి" అన్న చోటికి రాగానే ఇద్దరి నోటా ఒకేసారి "నిద్రే మా ఊపిరి" అని వచ్చింది. చదువుకునే రోజుల్లో ఇద్దరూ కలిసి కట్టిన పేరడీ అది. ముందువరుసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

ఆమెకు నవ్వాగలేదు. అతని కళ్లు చెమర్చాయి.

"ఇంకా గుర్తుందా?" అన్నాడు.

"ఎలా మర్చిపోతాను? మెల్లగా పాడు, రెండో చరణం మరీ ఘోరం. అమ్మాయి వింటుంది."

పాట ముగిసేదాకా గొంతు కలిపారు. కూతురు ఫొటోకు ఇద్దరినీ రమ్మంటే ఎవరూ సాకు చెప్పలేదు.