కారు ఉమ్మేసిన క్లచ్ పెడల్

సీట్లక్క పొద్దున లేవగానే మొదట చేసే పని, షెడ్డు తలుపు తీసి కారు కింద ఏం పడి ఉందో చూడడం. ఏదో ఒకటి పడే ఉండేది. ముందురోజు మేస్త్రి చెమటలు కక్కుతూ బిగించిన కొత్త కార్బురేటరో, వదిన ముచ్చటపడి కొనిచ్చిన రేడియోనో, బోల్టులతో సహా నేలమీద కనిపించేది. బోల్టులన్నీ ఒక పక్క, వాషర్లన్నీ ఇంకో పక్క. సీట్లక్క వాటిని చీపురుతో ఓ మూలకి నెట్టి ఇంట్లోకి కేకేసేది.

"అన్నయ్యా, రేడియో కూడా ఉమ్మేసింది!"

"ఉమ్మక ఏం చేస్తుంది? మీ వదిన పెట్టే పాటలు మనుషులే వినలేరు" అనేవాడు అన్నయ్య, గడ్డం గీసుకుంటూ.

అదంతే. ఆ కారు నచ్చనిది ఒంట్లో ఉంచుకోదు. కొందరికి వంకాయ పడదు, కొందరికి దుమ్ము పడదు, దీనికి పరాయి సామాను పడదు. వీధిలో ఎవరూ ఈ సంగతి గురించి రెండో మాట అనలేదు. మేస్త్రి మాత్రం స్పానరు పట్టుకునే ముందు "ఇది పెట్టనా తల్లీ?" అని బానెట్టు మీద తట్టి అడగడం అలవాటు చేసుకున్నాడు. అడిగినా ఉమ్మేసేది, అది వేరే సంగతి.

సీట్లక్క అసలు పేరు వీధి ఎప్పుడో మర్చిపోయింది. కార్ల సీట్లు కుట్టడం ఆమె పని. ఊళ్ళో సగం మంది ఆమె కుట్టిన తోలు మీదే కూర్చుని తిరుగుతారు. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. తొడ నుంచి మడమ దాకా ఇనుప కమ్మీలు, తోలు పట్టీలు. ఆ పట్టీలూ తనే కుట్టుకుంటుంది. ఆస్పత్రి వాళ్ళ కుట్టు నాలుగు నెలలు ఆగదని ఆమె ఫిర్యాదు.

ఎక్కడికి వెళ్ళాలన్నా అన్నయ్యే తన కార్లో తీసుకెళ్ళేవాడు. "ఎక్కు. బెల్టు పెట్టుకో. కిటికీ దించకు. చెయ్యి బయట పెట్టకు." ఆమెకి పదేళ్ళప్పుడు మొదలైన ఈ మాటలు నలభై ఒకటి వచ్చినా ఆగలేదు. అన్నయ్య మంచివాడు. చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే ఏనాడో నాలుగు దులిపేసి ఊరుకునేది. మంచివాణ్ణి ఏమంటాం?

అయిదేళ్ళ కిందట సీటు స్ప్రింగుల కోసం పాత ఇనుప సామాన్ల దొడ్డికి వెళితే ఈ కారు కంటబడింది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, నేలకి జానెడెత్తు. అరవై ఏళ్ళ కిందటి రేసు పిచ్చోళ్ళ బండి. వెనక డిక్కీలో కోడి గుడ్లు పెడుతోంది. "ఇది నాకు కావాలి" అంది. అన్నయ్య నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మూడేళ్ళు తోమింది, గీకింది, కుట్టింది. డ్రైవరు సీటు కుట్టడం పూర్తయిన రోజు మాత్రం దాంట్లో కూర్చోడానికి ఆమె జంకింది. ఇంత ఇనుము ఉమ్మేసిన కారు, నా కాలికున్న ఇనుముని ఎందుకు ఉంచుకుంటుంది? ఊడదీసి కింద పడేస్తే ఏ మొహంతో లేవను? అయినా కూర్చుంది. గంటసేపు కదలకుండా కూర్చుంది. ఒక్క పట్టీ వదులు కాలేదు, ఒక్క మర కదల్లేదు. అప్పుడు స్టీరింగు మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని మేస్త్రిని పిలిచింది.

"క్లచ్ పెడల్ పీకెయ్. నా ఎడమ కాలు దాన్ని తొక్కలేదు. క్లచ్ చేతికి కావాలి."

స్కూటరు క్లచ్ లివరు ఒకటి తెచ్చి గేరు రాడ్డుకి బిగించారు. కారు ఉమ్మేసింది. మళ్ళీ బిగించారు. మళ్ళీ ఉమ్మేసింది. మూడోసారి సీట్లక్క ఆ లివరుకి సీట్ల తోలుతోనే తొడుగు కుట్టి తొడిగింది. ఈసారి పొద్దున్నే చూస్తే కారు కింద చీమలు తప్ప ఏమీ లేవు.

ఇంతలో సర్కారు నుంచి కొత్త ఆర్డరొకటి వచ్చింది. పాత బండ్లన్నీ నెలాఖరులోగా రిజిస్టరు చేయించుకోవాలి, లేకపోతే నేరుగా తుక్కు మిషన్లోకే. కంపెనీలోంచి వచ్చిన రూపంలోనే ఉండాలిట. ఫారంలో 'బండిలో చేసిన మార్పులు' అని ఓ గడి ఉంది. సీట్లక్క ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేసింది: 'ఎడమ కాలి క్లచ్ పెడల్ తీసేసి చేతి క్లచ్ పెట్టాను.'

అన్నయ్య తల పట్టుకున్నాడు. "ఎవరైనా అడిగారుటే నిన్ను? ఏమీ లేవు అని రాసుంటే పోయేదిగా!"

"నా కాలు దాచిపెట్టుకుని చాలా ఏళ్ళు తిరిగాను. దాని చెయ్యి నేను దాచను."

నెలలో ఆఖరి రోజున మేస్త్రి వ్యానుకి తాడు కట్టి కారుని రవాణా ఆఫీసు ఆవరణలోకి లాక్కొచ్చాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు బక్కపలచటి మనిషి, జేబులో మూడు రంగుల పెన్నులు. చేతిలో పసుపు అట్టముక్క, దానికి దారం. దానిమీద పెద్దక్షరాలతో 'తుక్కు' అని ఉంది. ఫారం చదివి కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"చూడమ్మా, ఈ చేతి క్లచ్ తీసేయండి. పెడల్ పెట్టేయండి. మీ అన్నయ్యగారు ఓ రౌండు నడిపి చూపిస్తారు, మీరు పక్క సీట్లో కూర్చుంటారు. బండి దక్కుతుంది. ఏమంటారు?"

"వద్దంటాను" అంది సీట్లక్క.

"లేకపోతే ఇది కట్టాలి" అని అట్టముక్క ఊపాడు.

"ఒక్క రౌండే కదే! కారు బతుకుతుంది" అన్నాడు అన్నయ్య బతిమాలుతూ.

"నాకు లైసెన్సు ఉంది అన్నయ్యా. చేతి క్లచ్ బండి మీదే పరీక్ష పాసయ్యాను. మూడేళ్ళుగా అది సొరుగులో పడుంది. ఇప్పుడు కూడా పక్క సీట్లోకే పొమ్మంటే, ఇది బతికినా నాకెందుకు?"

ఇన్‌స్పెక్టరు ఇవేవీ వినిపించుకోలేదు. ఆఫీసు ఫిట్టరుకి సైగ చేశాడు. ఫిట్టరు లివరు విప్పి సీట్లక్క చేతిలో పెట్టి, డిక్కీలో ఉన్న పాత పెడల్ తీసి బిగించాడు. అందరూ టీ తాగి వచ్చారు. పెడల్ ముందు చక్రం పక్కన పడి ఉంది. బోల్టులు ఒక పక్క, వాషర్లు ఒక పక్క.

"సార్, దీనికి నచ్చలేదు" అన్నాడు ఫిట్టరు.

"నచ్చడానికీ నచ్చకపోవడానికీ ఫారంలో గడి లేదయ్యా. వెల్డింగు పెట్టు."

వెల్డింగు పెట్టాడు. భోజనాలు చేసి వచ్చేసరికి పెడల్ మళ్ళీ నేలమీదే ఉంది. అతికిన చోట మచ్చ కూడా లేదు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. ఆఫీసు మూసేయడానికి గంటన్నర ఉంది.

"మనిషి కాలు పెట్టి తొక్కి పట్టుకుంటే ఎలా ఉమ్ముతుందో నేనూ చూస్తాను. మళ్ళీ బిగించు. బాబూ, మీరెక్కండి."

అన్నయ్య చెల్లెలి వైపు చూశాడు. ఆమె లివరుని ఒళ్ళో పెట్టుకుని బల్లమీద బిగుసుకుని కూర్చుంది. అన్నయ్య ఎక్కి తాళం తిప్పాడు. ఇంజను గుర్రుమంది. ఎడమ కాలు పెడల్ మీద పెట్టి గట్టిగా తొక్కాడు.

మామూలుగా ఆ కారుకి సిగ్గెక్కువ, ఎవరి ఎదుటా ఉమ్మదు. ఆవేళ సిగ్గూ ఎగ్గూ వదిలేసింది. ఇంజను ఆగింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. అన్నయ్యని మెల్లగా, దెబ్బ తగలకుండా, కంకర మీద కూర్చోబెట్టింది. పెడల్ ఆయన ఒళ్ళో ఉంది. ఆయన చెప్పులు రెండూ పక్కనే, గడప ముందు విడిచినట్టు జతగా ఉన్నాయి.

"ఇదివరకు మనుషుల్ని ఉమ్మలేదు" అన్నాడు మేస్త్రి, ఎవరూ అడక్కపోయినా.

సీట్లక్క లేచింది. "ఇక నా వంతు సార్."

"నేను పర్మిషను ఇవ్వలేదమ్మా!"

"మీరు పెడల్‌కి మూడుసార్లు ఇచ్చారు. నాకు ఒక్కసారి చాలు. నన్నూ, నా లివర్నీ ఉమ్మేసిందనుకోండి, ఆ అట్టముక్క నా చేత్తోనే కడతాను."

మేస్త్రి సాయానికి వచ్చాడు. "ఉండు మేస్త్రీ" అని ఆపేసి తనే బిగించుకుంది. రెండు బోల్టులు, ఒక కేబులు. తర్వాత ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుంది. కమ్మీలు తలుపుకి తగిలి టంగుమన్నాయి. ఆవరణలో లైసెన్సుల కోసం వచ్చినవాళ్ళంతా వరసలు వదిలి చుట్టూ మూగారు. తలుపు వేసుకుంది. లివరు నొక్కి గేరు వేసి వదిలింది.

కారు కదిలింది. పరీక్షకి నిలబెట్టిన డ్రమ్ముల మధ్య ఎనిమిది అంకె తిరిగింది, గట్టు ఎక్కి ఆగి వెనక్కి జారకుండా మళ్ళీ కదిలింది, రివర్సులో గోడదాకా వెళ్ళి బెత్తెడు దూరంలో నిలబడింది. సీట్లక్కకి లోపల ఎంత గర్వంగా ఉందంటే, నవ్వడం కూడా మర్చిపోయింది. కొట్లాటకి వచ్చినదానిలా కళ్ళెర్రజేసుకుని ఇన్‌స్పెక్టరు ముందు బండి ఆపింది.

ఆయన కిటికీలోంచి లోపలికి వంగాడు. లివరు చూశాడు, దాని తోలు తొడుగు చూశాడు. తర్వాత ఆమె కాలి కమ్మీలు చూశాడు.

"దీన్ని కూడా ఎప్పుడూ ఉమ్మలేదా?"

"లేదు సార్. మొదటి రోజు చాలా భయపడ్డాను."

ఆయన ఫారం బానెట్టు మీద పరిచాడు. తర్వాత జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, స్కేలు పెట్టి ఆమె ముత్యాల్లాంటి వాక్యాన్ని కొట్టేశాడు. కింద రాశాడు: 'మార్పులు ఏమీ లేవు.'

"సార్, అబద్ధం రాయకండి!" అని ఇంతెత్తున లేచింది సీట్లక్క. "పెడల్ నేనే తీశాను. తీశాననే రాయండి."

"అబద్ధం కాదమ్మా. ఏది దీని సొంతమో ఇదే నాకు చూపించింది. కళ్ళారా చూసి కాదని రాస్తే అదీ అబద్ధం." ఆకుపచ్చ పెన్నుతో సంతకం పెట్టి స్టాంపు గుద్దాడు. కంకర మీద కూర్చున్న అన్నయ్య ఒళ్ళోంచి పెడల్ తీసుకుని, 'తుక్కు' అట్టముక్క దానికి కట్టి ఫిట్టరు చేతికిచ్చాడు.

సీట్లక్క కాగితం మడిచి జాకెట్టులో దోపుకుంది. తర్వాత వంగి పక్క తలుపు తెరిచింది.

"అన్నయ్యా, రా. ఇంటికెళ్దాం."

అన్నయ్య చెప్పులు తొడుక్కుని, బట్టలు దులుపుకుని, కారుకి రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. "మళ్ళీ ఉమ్మేస్తుందేమోనే."

"ఈ పక్కన కూర్చుని చూడు."

ఆయన తలుపు అంచు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. ఊపిరి బిగబట్టాడు. ఏమీ కాలేదు. సీటు ఆయన బరువుకి కొంచెం కిందికి దిగి ఆయన్ని ఉంచుకుంది.

గేటు దాటి రోడ్డెక్కే ముందు సీట్లక్క అన్నయ్య వైపు చూసింది.

"బెల్టు పెట్టుకో" అంది. "కిటికీ దించకు. చెయ్యి బయట పెట్టకు."